సవరణ: బూడిదలో కార్బన్ పెరిగితే ముందు చూడాల్సింది గాలి కాదు

బొగ్గు పొడిని మండించే బాయిలర్లలో, పొగతో పాటు ఎగిరొచ్చే బూడిదలో (ఫ్లై యాష్) కాలని కార్బన్ ఎక్కువైతే ఎక్సెస్ ఎయిర్ (మండటానికి కావాల్సినదానికి మించి ఇచ్చే గాలి) పెంచమని గత పోస్టులో ఉంది. దాన్ని ఇలా మార్చి చదువుకోండి: ముందు బొగ్గు పొడి మెత్తదనం, తర్వాతే గాలి.

200 మెష్ (75 మైక్రాన్ల రంధ్రాల) జల్లెడలోంచి పొడిలో 70 శాతం దిగితే చాలనుకుంటారు. అసలు తంటా 50 మెష్ (300 మైక్రాన్లు) జల్లెడ మీద మిగిలే గరుకు పొడితోనే. అది ఒకటి రెండు శాతం దాటిందంటే, ఫర్నేస్‌లో దొరికే కొద్ది సెకన్లలో ఆ రేణువులు పూర్తిగా కాలవు. గాలి పెంచితే నైట్రోజన్ ఆక్సైడ్లూ, చిమ్నీ గుండా పోయే వేడీ పెరుగుతాయి, అంతే. బొగ్గు నూరే మిల్లులో క్లాసిఫయర్ (గరుకు పొడిని వేరుచేసి వెనక్కి పంపే భాగం) వేన్లు, రోలర్ల అరుగుదల, ప్రైమరీ ఎయిర్ (పొడిని మోసుకెళ్లే గాలి) మోతాదు చూడండి. పొడి శాంపిల్ ఒక్కో కోల్ పైపు (మిల్లు నుంచి బర్నర్‌కి పొడి వెళ్లే గొట్టం) నుంచి విడిగా తీయాలి. అన్నీ కలిపితే చెడ్డ పైపు సగటులో దాక్కుంటుంది.

40 శాతం బూడిద, కిలోకు 3500 కిలో కేలరీలున్న బొగ్గయితే, బూడిదలో 1 శాతం కార్బన్ అంటే కిలో బొగ్గుకు సుమారు 33 కిలో కేలరీలు, అంటే 0.9 శాతం వేడి వృథా.

ఇంకొకటి. సిమెంటు, కాంక్రీటులో వాడే ఫ్లై యాష్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3812 (మొదటి భాగం)లో 5 శాతం పరిమితి లాస్ ఆన్ ఇగ్నిషన్‌కి (బాగా కాల్చినప్పుడు తగ్గే బరువుకి), కార్బన్‌కి కాదు. కార్బొనేట్ల నుంచి పోయే వాయువు, బంధిత నీరు కూడా అందులో కలుస్తాయి.