సవరణ: గాలికుంటు టీకా ఎంపికకు జన్యుక్రమం ఒక్కటే చాలదు

వైరస్ పై తొడుగులో ఉండే వీపీ1 అనే ప్రోటీన్ జన్యుక్రమం చదివితే ఏ గాలికుంటు టీకా వేయాలో తెలిసిపోతుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. క్రమం చెప్పేది వైరస్ ఏ వంశానిదో, ఎటు నుంచి వచ్చి ఉండొచ్చో మాత్రమే. టీకా పట్టుకుంటుందా లేదా అన్నది ల్యాబులో సీరంతో (రక్తం నుంచి తీసిన, యాంటీబాడీలుండే ద్రవం) తేల్చాల్సిందే.

టీకా వేసిన పశువు సీరంను రెండు వైరస్‌ల మీద పరీక్షిస్తారు: టీకాలో వాడినది, ఇప్పుడు మందలో దొరికినది. సీరంను 128 రెట్లు పలచన చేసినా మొదటిదాన్ని ఆపి, రెండోదాన్ని 32 రెట్ల దాకే ఆపగలిగితే నిష్పత్తి 0.25. దీన్నే ఆర్1 విలువ అంటారు. 0.3 కన్నా తగ్గితే ఆ టీకా సరిపోకపోవచ్చు. అలాగని వెంటనే పక్కన పడేయక్కర్లేదు. టీకాలో యాంటిజెన్ (రోగనిరోధక శక్తిని మేల్కొలిపే వైరస్ పదార్థం) దండిగా ఉండి, బూస్టర్ కూడా పడితే కొంత రక్షణ దొరుకుతుంది. వంశవృక్షంలో పక్కపక్కనే ఉన్న రెండు వైరస్‌లు కూడా ఈ పరీక్షలో వేరుగా ప్రవర్తించొచ్చు. కీలకమైన చోట ఒకట్రెండు అమైనో ఆమ్లాలు మారితే చాలు. నేను తప్పులో కాలేసింది ఇక్కడే.

ఇంకోటి, గాలికుంటు వైరస్‌లోని ఏడు సీరోటైపులూ (యాంటీబాడీలు గుర్తుపట్టే తీరును బట్టి విడదీసిన రకాలు) ఇప్పటికీ తిరుగుతున్నాయని ఆ పోస్టులో అన్నాను. సి రకం 2004 తర్వాత ఎక్కడా బయటపడలేదు. అది తీసేసి ఆరు అని చదువుకోండి.