సవరణ: ‘పొడి’ వాతావరణం గురించి

మొన్న ‘పొడి’ అనే మాట మీద రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దది. ‘పొడి వాతావరణం’ అంటే తేమ లేని గాలి అని రాశాను. వాతావరణ శాఖ బులెటిన్‌లో ఆ మాటకు అర్థం వేరు. ఆ ప్రాంతంలోని ఏ కేంద్రంలోనూ వాన నమోదు కాకపోతే దాన్ని ‘పొడి’ అంటారు. గాలిలో తేమ ఎంతుందో అది చెప్పదు. అందుకే బులెటిన్ ‘పొడి’ అన్న రోజే విశాఖలో ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. విశాఖ మిత్రుడొకరు ఈ మాటే అడిగేసరికి నాకు నోట మాట రాలేదు.

రెండోది పర్యాయపదాలు. పొడి, ఎండు, శుష్క, మెట్ట, బీడు అన్నీ ఒకటేనని ఒకే వరుసలో పెట్టేశాను. కాదు. తడి ఉండి తర్వాత పోయినదాన్ని ‘ఎండు’ అంటాం: ఎండుమిర్చి, ఎండుచేప. ‘పొడిమిర్చి’ అని ఎవరూ అనరు, అలా అంటే కారం పొడి గుర్తొస్తుంది. దగ్గు మాత్రం పొడి దగ్గే. చెత్త కూడా అంతే, తడి చెత్త, పొడి చెత్త. ఎండుచేపను కొన్ని చోట్ల ‘వట్టిచేప’ అంటారు, పాలివ్వడం మానేసిన ఆవు ‘వట్టిపోయింది’ అంటారు. ఈ ‘వట్టి’ని అసలు మర్చిపోయాను.

‘శుష్క’ పుస్తకాల మాట. అనంతపురం ‘అర్ధశుష్క’ ప్రాంతం అని భూగోళ పాఠాల్లో చదువుకున్నదే.

మెట్ట అంటే కాలువ నీరు అందని భూమి. బీడు అంటే సాగు చేయని భూమి, వానాకాలంలో అది చిత్తడిగానే ఉండొచ్చు. ఈ రెండింటినీ ఆ వరుసలోంచి తీసేశాను.