ఆస్తి లెక్క మళ్ళీ ఎందుకు?

65 ఏళ్ళు దాటిన పేదలకు మెడికాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు రాష్ట్రం నడిపే వైద్య బీమా) ఇచ్చేటప్పుడు ఆదాయం చూస్తే చాలు, దాచుకున్నది చూడనక్కర్లేదని 2021లో కాలిఫోర్నియా చట్టం చేసింది. అంతకుముందు ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లు మించి ఉంటే అర్హత పోయేది. 2022 జులైలో ఆ పరిమితిని లక్షా 30 వేలకు పెంచారు. 2024 జనవరి 1న పూర్తిగా ఎత్తేశారు. సరిగ్గా రెండేళ్ళకు, 2026 జనవరి 1 నుంచి, ఆ లక్షా 30 వేల గీత మళ్ళీ గీశారు. లోటు బడ్జెట్ కారణంగా గవర్నర్ న్యూసమ్ 2,000కే దించమన్నారు. శాసనసభ ఒప్పుకోకపోబట్టి ఈమాత్రమైనా మిగిలింది.

లక్షా 30 వేలు తక్కువా అని మనవాళ్ళే అడుగుతున్నారు. ఉంటున్న ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావు, నిజమే. కానీ నర్సింగ్ హోమ్‌లో, అంటే తమ పని తాము చేసుకోలేని పెద్దవాళ్ళను ఉంచి చూసుకునే చోట, ఖర్చు నెలకు 10 వేలు దాటే రాష్ట్రమిది. జీవితమంతా గ్యాస్ స్టేషన్‌లో, కిరాణా కొట్టులో నిలబడి కూడబెట్టిన మనిషికి ఆ సొమ్ము ఎన్నాళ్ళు వస్తుంది? తెలుగువాళ్ళంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులేనన్న భ్రమ ముందు మనం వదులుకోవాలి.

పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి ఇంకా కష్టం. తొలి 5 ఏళ్ళు వాళ్ళకు మెడికెయిడ్ (దేశమంతటా ఉన్న ఈ పేదల బీమానే ఇక్కడ మెడికాల్ అంటారు) ఇవ్వకూడదని 1996 నాటి ఫెడరల్ చట్టం. కాలిఫోర్నియా తన ఖజానా నుంచి ఆ లోటు పూడుస్తూ వచ్చింది. ఆ 5 ఏళ్ళు దాటాక మెడికేర్ (65 దాటినవాళ్ళకు కేంద్రం నడిపే బీమా) కొనుక్కోవచ్చు గానీ, ఇక్కడ ఉద్యోగం చేయనివారికి 2025లో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఒక్కదానికే నెలకు 518 డాలర్లు.

డబ్బుకంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది కాగితాల పని. ఆస్తి ఏమీ లేనివాళ్ళు కూడా లేదని రాసివ్వాలి. 2023లో దేశవ్యాప్తంగా మెడికెయిడ్ పోయినవారిలో ఎక్కువమంది అర్హత లేక పోగొట్టుకోలేదు, ఫారాలు సమయానికి చేరక పోగొట్టుకున్నారు. ఇంగ్లీషు ఉత్తరం చదువుకోలేని అమ్మమ్మకు అదే జరుగుతుంది.

హెచ్-1బి గురించి వాషింగ్టన్ దాకా వెళ్ళే మన సంఘాలు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో గడప తొక్కవు. బడ్జెట్ సవరణ మే నెల మధ్యలో వస్తుంది, జూన్ 15లోగా సభ ఆమోదించాలి. ఆ నెలరోజుల్లో మీ అసెంబ్లీ సభ్యుడికీ సెనేటర్‌కీ ఫోన్ చేసి, ఆస్తి లెక్క ఎత్తేయమని అడగండి. ఈలోగా ప్రతి సంఘమూ ఒక శనివారం పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఆ ఫారాలు నింపించాలి.