చదవకుండానే తీర్పు

పుస్తకం అట్ట కూడా విప్పకుండా అది పిల్లలకు తగదని తేల్చేసిన అధికారి ఏ మారుమూల ఆఫీసులోనో ఉంటే నవ్వుకుని వదిలేయొచ్చు. ఈసారి ఆ ఘనత టొరంటోది, కెనడాలోకెల్లా పెద్ద స్కూల్ బోర్డుది. ఐసిస్ ఉగ్రవాదుల చెర నుంచి తప్పించుకొచ్చిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత నదియా మురాద్ ఆత్మకథ ‘ది లాస్ట్ గర్ల్’ చదివి, 2022 ఫిబ్రవరిలో ఆమెతోనే మాట్లాడాలని టీనేజీ అమ్మాయిల బుక్ క్లబ్ ఒకటి ఏర్పాట్లు చేసుకుంది. దానివల్ల ముస్లిం విద్యార్థుల మనసు నొచ్చుకుంటుందని, ఇస్లాం మీద ద్వేషం పెరుగుతుందని బోర్డు సూపరింటెండెంట్ ఒకరు అడ్డు చెప్పినట్టు క్లబ్ నిర్వాహకురాలు బయటపెట్టారు. గొడవ ముదిరాక బోర్డు క్షమాపణ చెప్పింది. అది తమ వైఖరి కాదట. సిబ్బంది పుస్తకం చదవకముందు చెప్పిన అభిప్రాయమట!

సంజాయిషీ కోసం అన్న ఆ మాటే బోర్డు పరువు తీసింది. చదవకముందు అభిప్రాయం ఎలా వచ్చింది? రచయిత్రి పేరు, ఆమె మీద పడ్డ ముఠా పేరు, ఆ ముఠా తగిలించుకున్న మతం పేరు. ఈ మూడూ చాలు, ఫైలు మూసేయడానికి.

చదివి ఉంటే వాళ్లకు అందులో ఒక బడి కనిపించేది. ఉత్తర ఇరాక్‌లో సింజార్ కొండకు దక్షిణాన కోచో అనే పల్లె, ఇస్లాంకు వేరైన తమ సొంత మతం పాటించే మైనారిటీలైన యజీదీలది. నదియా చదువుకున్నది ఆ ఊరి బడిలోనే. చరిత్ర పాఠమంటే ఆమెకు ఇష్టం, కానీ ఆ పాఠాల్లో తమ యజీదీల ఊసే ఉండేది కాదని రాసుకుంది. 2014 ఆగస్టు 3న ఐసిస్ సింజార్ మీద పడింది. కోచోను చుట్టుముట్టి పన్నెండు రోజులు కదలనివ్వలేదు. 15వ తేదీన ఊరంతటినీ ఆ బడికే రమ్మన్నారు. ఒంటి మీది బంగారం, చేతిలోని ఫోన్లు, డబ్బులు ఒలుచుకున్నారు. ఆడవాళ్లను, పిల్లలను మేడ మీదికి తోలారు. మగవాళ్లను ట్రక్కులెక్కించి ఊరి బయటికి తీసుకెళ్లి కాల్చేశారు. ఆ తుపాకుల చప్పుడు మేడ మీదికి వినిపించింది. ఆరుగురు అన్నదమ్ములను, ఆ తర్వాత తల్లిని పోగొట్టుకున్న నదియాకు అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. ఆమెను మోసుల్‌కు తీసుకెళ్లి బానిసగా అమ్మారు.

ఇంకొన్ని పేజీలు తిప్పి ఉంటే ఆ అధికారికి తన అభ్యంతరానికి జవాబు కూడా దొరికేది. ఒక రోజు తాళం పడని తలుపు చూసుకుని నదియా బయటపడింది. చీకట్లో మోసుల్ వీధుల వెంట నడిచి ఎవరిదో ఇంటి తలుపు తట్టింది. తీసినవాళ్లు సున్నీ ముస్లింలు. పట్టుబడితే ఇంటిల్లిపాదికీ చావే అని తెలిసీ దాచారు. ఆ ఇంటి కుర్రాడు దొంగ గుర్తింపు కార్డు సంపాదించి, తన భార్యగా నమ్మించి, చెక్‌పోస్టులు దాటించి ఆమెను కుర్దుల ప్రాంతానికి చేర్చాడు. ముస్లిం పిల్లలు చదివితే తలెత్తుకుని చెప్పుకోదగిన కథ అది. వాళ్ల చేతికి అందకూడదన్నది కూడా అదే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ టొరంటో ముస్లిం పిల్లలెవరూ భుజాలు తడుముకోలేదు. వాళ్ల తరఫున వాళ్ల భుజాలు తడిమింది అధికారే. ఐసిస్ పేరెత్తితే మీకు బాధ కలుగుతుంది కదూ అని ఒక ముస్లిం అమ్మాయిని అడగడం కన్నా పెద్ద అవమానం ఏముంటుంది? ఆమెను ఆ హంతకులతో ఒకే గాట కట్టింది నదియా పుస్తకం కాదు.

కెనడాలో ముస్లింల మీద ద్వేషం ఉత్తుత్తి భయమేమీ కాదు. 2021 జూన్‌లో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలోనే లండన్ నగరంలో ఒక ముస్లిం కుటుంబం మీదికి ట్రక్కు తోలి నలుగురిని చంపారు. ఆ భయానికి మందు వెతకాల్సిందే. అయితే అది యజీదీ అమ్మాయి నోరు నొక్కితే వచ్చే మందా?

అసలు ప్రమాదం ఈ ఒక్క పుస్తకంతో పోయేది కాదు. ‘ఎవరైనా నొచ్చుకుంటారేమో’ అన్న ఒక్క ముక్క ఒకసారి చెల్లుబాటైతే రేపు ఏ జాతి హననాన్నీ బడిలో చెప్పలేం. యూదుల ఊచకోత చెబితే జర్మన్ పిల్లలు, ఆర్మేనియన్ల గతి చెబితే టర్కీ పిల్లలు నొచ్చుకోవచ్చు. రువాండా సంగతి సరే సరి. చంపినవాళ్లకూ ఒక జాతి, ఒక మతం, ఒక భాష ఉంటాయి. వాటిని పంచుకునే పిల్లలు ఏదో ఒక తరగతి గదిలో ఉంటారు. దేన్నైనా ఇదే వంకతో ఆపొచ్చు, అదీ చదవకుండానే.

ఈ బోర్డుకు బతికి బయటపడ్డవాళ్ల మాట విలువ తెలియదా అంటే, తెలుసు. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టిన పాపాన్ని కెనడా ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటోంది. బడిలో చేరిన మొదటి రోజే ఆరేళ్ల పిల్ల ఒంటి మీది కొత్త నారింజ రంగు చొక్కా లాక్కున్నారని, పెద్దయ్యాక ఆమె చెప్పిన సంగతి నుంచే ఏటా సెప్టెంబర్ 30న పిల్లలంతా నారింజ చొక్కాలు తొడుక్కునే ఆనవాయితీ పుట్టింది. అదీ ఒక బాధితురాలి జ్ఞాపకమే. క్రైస్తవ విద్యార్థులు నొచ్చుకుంటారని ఆ చొక్కాలను ఎవరైనా ఆపారా? ఆపలేదు, ఆపకూడదు కూడా. మరి నదియాకు ఎందుకు వేరే కొలత? యజీదీలపై జరిగింది జాతి హననమేనని 2016లో కెనడా పార్లమెంటు ఏకగ్రీవంగా తీర్మానించింది. 1,200 మందికి పైగా బాధితులను తెచ్చి టొరంటో సహా పలు నగరాల్లో నిలబెట్టింది. పిలిచి ఇల్లిచ్చిన దేశమే, మీ కథ మాత్రం బడిలో వద్దంటే వాళ్లేమనుకోవాలి?

2021 నవంబర్ 30న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఒక ఐసిస్ సభ్యుడికి జాతి హననం నేరం కింద యావజ్జీవం వేసింది. యజీదీల విషయంలో ఇలాంటి తీర్పు ప్రపంచంలో ఇదే మొదటిది. ఇరాక్‌లోని ఫలూజాలో ఐదేళ్ల యజీదీ పాపను మండుటెండలో కిటికీకి గొలుసుతో కట్టేసి చంపిన కేసు. అదే ఇంట్లో బానిసగా ఉన్న తల్లి కోర్టుకొచ్చి చెప్పిన సాక్ష్యమే దానికి ఆయువుపట్టు. న్యాయమూర్తులు ఆ తల్లి చెప్పింది విన్న తర్వాతే తీర్పు రాశారు.

వినకపోతే ఏమవుతుందో మనకూ అనుభవమే. 2014లో అదే మోసుల్‌లో ఐసిస్ చేతికి చిక్కిన భారతీయ కార్మికుల్లో ఒక్కడు తప్పించుకొచ్చి, తక్కిన 39 మందినీ కాల్చి చంపారని చెప్పాడు. ప్రభుత్వం నమ్మలేదు. వాళ్లు బతికే ఉన్నారని కుటుంబాలకు దాదాపు నాలుగేళ్లు ఆశ పెడుతూ వచ్చింది. చివరికి బాదుష్ దగ్గర ఒక దిబ్బ తవ్వితే శవాలు బయటపడ్డాయి. 39 మందీ చనిపోయారని 2018 మార్చిలో సుష్మా స్వరాజ్ రాజ్యసభకు చెప్పాల్సి వచ్చింది. చూసొచ్చినవాడి మాట కన్నా ఆఫీసు అంచనాకే విలువ ఎక్కువైతే ఇంతే.

బోర్డు సిబ్బంది గొడవ తర్వాత ఆ పుస్తకం చదవడానికి కూర్చున్నారట, పిల్లలకు సందేహాలొస్తే తీర్చడానికట. సంతోషం. కాకపోతే ఈ సరికి ఆ క్లబ్ అమ్మాయిలు ఎటూ చదివేసి ఉంటారు. బోర్డువారికి ఎక్కడైనా అర్థం కాకపోతే మొహమాటపడకుండా వాళ్లనే అడగొచ్చు.