ముందు పనిని చూడండి, ఆ తర్వాతే కోర్సు

ఎప్‌సెట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే దాకా మన ఇళ్లలో నడిచే మాటలు గమనించండి. ఈ ర్యాంకుకు ఏ కాలేజీలో సీటొస్తుంది, సీఎస్‌ఈ దొరుకుతుందా, దొరక్కపోతే ఏఐ-ఎంఎల్‌తో సరిపెట్టుకోవాలా, కన్వీనర్ కోటాలో రాకపోతే బి కేటగిరీకి, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఎంత కట్టాలి. ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. ఆ చదువు పూర్తయ్యాక పిల్లవాడు పొద్దున తొమ్మిదింటికి కూర్చుని సాయంత్రం దాకా ఏం చేస్తాడన్న ప్రశ్న మాత్రం అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా వినిపించదు. పెళ్లి సంబంధం అయితే మూడు తరాలు ఆరా తీస్తాం, ఊళ్లో నలుగురిని కనుక్కుంటాం. ముప్పై, నలభై ఏళ్లు చేయబోయే పని గురించి ఆ పని చేస్తున్న ఒక్క మనిషినీ అడగం.

దీనికి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ తిట్టి లాభం లేదు. ఈ అలవాటు వెనక ఒక కాలపు నిజమైన అనుభవం ఉంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే రోజుల్లో వైటూకే సమస్యను, అంటే 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీని తప్పుగా చదువుతాయన్న చిక్కును సరిచేయడానికి అమెరికాకు ప్రోగ్రామర్లు కుప్పలుగా కావాల్సి వచ్చారు. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కొన్ని నెలలు కోర్సు చేసి ఉద్యోగాల్లో చేరారు, విమానాలెక్కారు. ఆ ఇళ్లు ఎలా మారిపోయాయో ఊరంతా చూసింది. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీలు మండలాల దాకా విస్తరించాయి. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడూ 2008 మాంద్యంలోనూ దెబ్బ తగిలినా, ‘కంప్యూటర్స్ అయితే ఢోకా లేదు’ అన్న నమ్మకం చెక్కుచెదరలేదు. ఇప్పుడు చాలా కాలేజీల్లో సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి వాటినీ కంప్యూటర్ బ్రాంచీల్లోకి మార్చేశారు. ఒకే సర్టిఫికెట్‌తో, ఒకే రకం ప్రాజెక్టుతో, ఒకే మూసలో రాసిన రెజ్యూమెతో వేలమంది ఒకేసారి బయటికొస్తున్నారు. అందులో ఒకడిగా ఉండటం పాతికేళ్ల కిందటి ఒకడిగా ఉండటం లాంటిది కాదు.

ఆనాటి అమీర్‌పేట నుంచి మనం తప్పు పాఠం నేర్చుకున్నామని నా అభిప్రాయం. అక్కడి బోర్డుల మీద కోర్సు పేరు పక్కనే పెద్ద అక్షరాలతో ఉండే మాట ‘రియల్ టైమ్ ఫ్యాకల్టీ’. అంటే ఆ పని చేస్తున్న మనిషే వచ్చి చెబుతాడని. అందరికీ కావాల్సింది అదేనని ఆ బోర్డు రాసినవాడికి తెలుసు. కోర్సు పేరును పట్టుకుని, పని తెలిసిన మనిషిని వదిలేశాం.

కాబట్టి మొదటి సలహా చాలా మామూలుది. ఏ రంగం గురించి ఆలోచిస్తున్నారో ఆ రంగంలో రెండేళ్ల అనుభవం ఉన్న ఒకరినీ, పదేళ్లు దాటిన ఒకరినీ వెతికి పట్టుకోండి. బంధువుల్లో లేకపోతే సీనియర్ల అన్నయ్యలు, అక్కయ్యలు ఉంటారు. ‘ఈ ఫీల్డ్ బాగుంటుందా?’ అని అడగొద్దు. బాగుంటుందనే చెబుతారు. ‘నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారో చెప్పండి’ అని అడగండి. ‘ఈ పనిలో విసుగు పుట్టించేది ఏది? తప్పు జరిగితే ఎవరికి సమాధానం చెప్పుకోవాలి? మీతోపాటు చేరినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?’ అని అడగండి.

విసుగు గురించి అడగమన్నది ఊరికే కాదు. సాఫ్ట్‌వేర్ అంటే కొత్త యాప్ కనిపెట్టడం అనుకుంటాం. చేరిన మొదటి రెండేళ్లూ ఎవరో రాసిన కోడ్ చదవడం, అందులో ఎక్కడ తప్పుందో వెతకడం, టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులను ఒక్కొక్కటిగా పరిష్కరించి మూసేయడం, మీటింగుల్లో కూర్చోవడం. సీఏ అంటే సంతకం గుర్తొస్తుంది కానీ ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీనియర్ సీఏ దగ్గర శిక్షణలో ఉన్నప్పుడు, రోజంతా ఓచర్లు సరిచూడటమే. నర్సింగ్ అంటే నైట్ డ్యూటీలు, రాతపని. మెచ్చుకునే భాగం ఎవరికైనా నచ్చుతుంది. విసుగు పుట్టించే ఈ రెండో భాగాన్ని ఓపికగా, ఒక్కోసారి ఇష్టంగా కూడా చేయగలిగినవాళ్లే ఆ రంగంలో నిలబడతారు.

పేరు లేని రంగాలు ఎంత గట్టివో చెప్పడానికి హైదరాబాద్‌లోని బాలానగర్ పారిశ్రామిక ప్రాంతం చాలు. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, హెచ్‌ఎంటీ లాంటి ప్రభుత్వ సంస్థల నీడలో అక్కడా జీడిమెట్లలోనూ చిన్న వర్క్‌షాపులు పుట్టుకొచ్చాయి. 1968లో అక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. వాడుకలో సీఐటీడీ అంటారు. పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమాలో చేరొచ్చు. సీసా మూత నుంచి కారు డ్యాష్‌బోర్డు దాకా ప్లాస్టిక్ వస్తువు దేనికైనా ముందు ఒక ఉక్కు అచ్చు కావాలి. ఆ అచ్చు చేసే మనిషి డ్రాయింగ్ చదువుతాడు, ఉక్కు దిమ్మెను మిషన్ మీద కోస్తాడు, గ్రైండింగ్ చేస్తాడు. చివర్లో అచ్చు రెండు సగాల్లో ఒకదానికి నీలి రంగు పల్చగా పూసి రెంటినీ దగ్గరికి నొక్కుతాడు. విడదీశాక రంగు ఎక్కడ అంటిందో, ఎక్కడ అంటలేదో చూసి, ఎత్తుగా ఉన్నచోట చేత్తో రుద్దుతాడు. మళ్లీ రంగు, మళ్లీ నొక్కడం. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా ఉన్నా ప్లాస్టిక్ అంచున పొర లేస్తుంది. ఈ చూపు, ఈ చెయ్యి ఏళ్ల తరబడి పని మీద ఉంటే తప్ప రావు. అలాంటి మనిషిని ఏ యజమానీ తేలిగ్గా వదులుకోడు.

అందరూ టూల్ రూముల్లోకి వెళ్లమని చెప్పడం లేదు. ఇంజినీరింగ్ తప్ప మిగతాదంతా ఓడిపోయినవాళ్ల దారి అన్న భావన మన పిల్లలకు పదో తరగతిలోనే ఎక్కించేస్తున్నామన్నది నా బాధ. పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అప్పటికే వాళ్లకు మిషన్ ముందు నిలబడ్డ అనుభవం ఉంటుంది. ఆప్టోమెట్రీ, రేడియాలజీ, డయాలసిస్ వంటి వైద్య అనుబంధ వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది. బైపీసీ తీసుకుని నీట్‌లో సీటు రాని పిల్లలకు ఈ దారుల గురించి చెప్పే లెక్చరర్లు ఎంతమంది ఉన్నారు?

ఇక సర్కారు కొలువు. దాని మీద ఆశ తప్పు కాదు. ఉద్యోగ భద్రత, పింఛను, ఊళ్లో గౌరవం, అన్నీ నిజమే. అయితే ఈ దారిలో వయసుతో లెక్క పెట్టుకోవాలి. తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 ప్రకటన 2022లో 503 పోస్టులతో వచ్చింది. పేపర్ లీకేజీతో ఒకసారి, హైకోర్టు తీర్పుతో మరోసారి ప్రిలిమ్స్ రద్దయింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ కోసం 2025 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. బీఈడీ పూర్తి చేసి 23 ఏళ్లకు కూర్చున్న అమ్మాయికి ఆ మధ్యలో 30 వచ్చేస్తాయి. ఇందులో అభ్యర్థుల తప్పేమీ లేదు, అయినా పోయేది వాళ్ల వయసే. అందుకని చిక్కడపల్లి లైబ్రరీకో అశోక్‌నగర్ హాస్టల్‌కో వెళ్లే ముందే ఎన్ని ప్రయత్నాలు, ఏ వయసు దాకా అన్నది కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. మొదటి ప్రయత్నం తర్వాతైనా ఏదో ఒక పని చేస్తూ చదవండి. ఐదేళ్ల ఖాళీ ఉన్న రెజ్యూమెకు ప్రైవేటు ఉద్యోగం దొరకడం చాలా కష్టం.

ఇంకో మాట కటువుగానే చెప్పాలి. ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాలకు లక్షలు కట్టొద్దు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టించే కన్సల్టెన్సీల దగ్గరికి పోవద్దు. మీ పేరు మీద పీఎఫ్ ఏ కంపెనీ నుంచి, ఎప్పటినుంచి జమ అయిందో యూఏఎన్ (ప్రతి ఉద్యోగికీ ఉండే పీఎఫ్ నంబరు) రికార్డు చెప్పేస్తుంది. వెరిఫికేషన్‌లో దొరికితే ఆ ఉద్యోగంతో పాటు మంచి పేరూ పోతుంది. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

ఆఫర్ వచ్చాక ప్యాకేజీ అంకె చూసి స్వీట్లు పంచేలోపు లెటర్‌ను ఒకసారి నిదానంగా చదవండి. నాలుగు లక్షల సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి మీ మీద పెట్టే మొత్తం ఖర్చు అనుకుందాం. బేసిక్ రెండు లక్షలు, నెలనెలా కాకుండా పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 40 వేలు ఉందనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 24 వేలు, గ్రాట్యుటీ కింద సుమారు 9,600, ఇన్సూరెన్స్ ప్రీమియం ఓ ఆరు వేలు కూడా ఆ నాలుగు లక్షల్లోనే ఉంటాయి. మీ వాటా పీఎఫ్ మరో 24 వేలు, వృత్తి పన్ను నెలకు 200. ఇవన్నీ పోగా నెలనెలా చేతికొచ్చేది దాదాపు 24,500. నాలుగు లక్షలను పన్నెండుతో భాగించి 33 వేలనుకుని గచ్చిబౌలిలో గది వెతుక్కున్న పిల్లలు రెండో నెలకే ఇంటికి ఫోన్ చేస్తారు. ఇన్నాళ్లు మానేయకూడదనే బాండ్ ఉందా, ఎన్నాళ్లు, నోటీస్ పీరియడ్ 30 రోజులా 90 రోజులా అన్నదీ చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామనే చోట చేరకపోవడమే మంచిది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. అడగడానికి మొహమాటపడొద్దు.

రెండు ఆఫర్లు చేతిలో ఉంటే, జీతంలో తేడా నెలకు రెండు మూడు వేలే అయితే, మంచి సీనియర్ ఉన్న చోటు ఎంచుకోండి. మొదటి రెండేళ్లలో పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది తర్వాతి పదేళ్లను నిర్ణయిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలా?’ అన్నప్పుడు చాలామంది ‘నథింగ్ సర్’ అనేస్తారు. నాకు పని నేర్పేది ఎవరు, నా పనిని ఎవరు చూసి సరిచేస్తారు అని అడగొచ్చు. సమాధానం తడుముకుంటే అక్కడి పరిస్థితి అర్థమవుతుంది.

చేరాక మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసే అలవాటు ఒకటుంది. ‘ఎంతదాకా వచ్చింది?’ అని మేనేజరు అడిగితే ‘అయిపోతుంది సార్’ అనడం. మంగళవారమూ అదే, గురువారమూ అదే. శుక్రవారం సాయంత్రానికి అసలు సగం కూడా కాలేదని తేలుతుంది. ఇది బద్ధకం కాదు, భయం. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో రెండేళ్లు డౌటు అడిగితే క్లాసంతా నవ్వుతుందనీ, తెలియదంటే తిడతారనీ నేర్చుకుని వచ్చిన భయం. ఆఫీసులో లెక్క తిరగబడుతుంది. ఆలస్యం అవుతుందని మంగళవారమే చెబితే ఇంకొకరిని తోడు ఇస్తారు, లేదా గడువు జరుపుతారు. శుక్రవారం తెలిస్తే ఇక మిమ్మల్ని నమ్మరు. ఓ అరగంట, గంట సొంతంగా ప్రయత్నించి, ఏమేం చేసి చూశారో రెండు వాక్యాలు రాసుకుని వెళ్లి అడగండి. అలా అడిగినవాళ్లను ఎవరూ చిన్నచూపు చూడరు.

ఇంగ్లిష్ భయం కూడా చాలావరకు ఇలా ముందే రాసుకోవడంతో తగ్గుతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు మీటింగులో తడబడేది చాలాసార్లు భాష రాక కంటే, చెప్పదలచుకున్నది ముందుగా సర్దుకోకపోవడం వల్ల. మీటింగుకు ముందు మూడు విషయాలు కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. ఏం జరిగింది, ఏం ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి. చిన్న వాక్యాలు చాలు. ప్రతి శుక్రవారం ఆ వారం చేసిన పని నాలుగు లైన్లు ఒక ఫైల్‌లో దాచుకుంటే, అప్రైజల్ రోజున చేతిలో ఆధారం ఉంటుంది. ఏప్రిల్‌లో మీరు రాత్రంతా మేల్కొని చేసిన పని మరుసటి మార్చిలో ఎవరికీ గుర్తుండదు.

పెళ్లి, కాన్పు, బదిలీల వల్ల ఉద్యోగం మధ్యలో ఆపాల్సి వచ్చే భారం మన ఇళ్లలో ఇప్పటికీ అమ్మాయిల మీదే పడుతోంది. ఇది మారాలి. మారేలోపు చేయగలిగిన పని ఒకటుంది. విరామంలో ఉన్నా పాత సహోద్యోగులతో మాట కలుపుతూ ఉండటం, లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు గడువు దాటిపోకుండా చూసుకోవడం. ఉద్యోగ ప్రకటన రావడానికి ముందే తెలిసే ఖాళీలు ఈ పరిచయాల్లోనే తెలుస్తాయి.

మానేయాలనుకున్నప్పుడు కోపంతో కాకుండా నోటీస్ పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని బయటికి రండి. పీఎఫ్‌ను డ్రా చేసి బైక్ కొనే బదులు కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పీఎఫ్‌తో పాటే నడిచే ఉద్యోగ పింఛను పథకంలో నెలవారీ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో తీసేస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మొదటి రెండు మూడేళ్లు ఫ్లాటు, కారు ఈఎంఐల జోలికి వెళ్లకుండా, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకోండి. పని నచ్చకపోయినా, పై అధికారి వేధిస్తున్నా ఈఎంఐ కోసం అక్కడే ఉండిపోయినవాళ్లు హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. ఆ ఆరు నెలల డబ్బు ఉన్నవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవడానికి సమయం తీసుకోగలుగుతున్నారు, జీతం దగ్గర బేరమాడగలుగుతున్నారు.