తులం గుండు

మొన్న సంక్రాంతికి మందస దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు, పెదనాన్న అరుగు మీద కూర్చుని నా ఫోన్లో ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. మంచు, ఆస్పెన్ చెట్లు, నారింజ రంగు చొక్కా తొడుక్కున్న నేను, నా పక్కన పడి ఉన్న ఎల్క్. మన కణుజు లాంటి జంతువే, ఇంకా భారీగా ఉంటుందన్నమాట. పెదనాన్నకి ఎనభై నాలుగు దాటాయి. చూపు తగ్గింది గాని, వేలు మాత్రం సరిగ్గా వెళ్లి జంతువు భుజం వెనకున్న చిన్న రంధ్రం దగ్గర ఆగింది.

"ఒకటేనేటి?"

"ఒకటే పెదనాన్నా."

"గుండు బరువెంతుంటాదిరా?"

నూట ఎనభై గ్రెయిన్లు అన్నాను. గ్రెయినంటే ఆయనకి తెలీదు. లెక్క కట్టి, పదకొండు గ్రాముల అరవై ఆరు అని చెప్పాను. లోపల అరిసెలు డబ్బాలో సర్దుతున్న దొడ్డమ్మ అక్కణ్నుంచే అంది: "అది తులం కదేటి!"

నిజమే. 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకి ఖాయం చేసింది. ఇన్నేళ్లుగా తూటాల పెట్టె మీద ఆ అంకె చదువుతున్నాను. ఆ గుండు మా దొడ్డమ్మ మెడలో పుస్తెలతాడు తూకానికి వాడే కొలతేనని నాకు తట్టలేదు. పెదనాన్న ఫోను పక్కన పెట్టి, అరచెయ్యి చాపి, అందులో ఏదో ఉన్నట్టు కాసేపు తూచి చూశాడు. "తులం సాలురా. కణుజుకైనా సాలు," అన్నాడు.

ఈ వ్యాసం ఆ మాట పట్టుకునే రాస్తున్నాను. అమెరికాలో, కొలరాడోలోని మన తెలుగు సంఘం కుర్రాళ్లు ముగ్గురు నలుగురు పోయినేడాది నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: "అన్నయ్యా, జింక నుంచి ఎల్క్ దాకా అన్నిటికీ పనికొచ్చే రైఫిల్ ఒక్కటే కొనుక్కోవాలంటే ఏ క్యాలిబర్, అంటే ఏ సైజు తూటాది?" అడిగినవాళ్లలో ఇద్దరు అప్పటికే మనసులో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే బాగా బలమైన తూటాని ఖాయం చేసుకుని, నా చేత ఔననిపించుకోవడానికి వచ్చారు. నేను కాదన్నాను, థర్టీ-ఆట్-సిక్స్ (.30-06) చాలన్నాను. ఎందుకు కాదన్నానో ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

2016 నవంబరులో నా దగ్గరున్నది ఆ మ్యాగ్నమే. "ఎల్క్‌కి వెళ్తున్నావా, అయితే అంతకంటే తక్కువ వద్దు" అని దుకాణంలో అమ్మినాయన చెప్పాడు, నేను నమ్మాను. కొత్త తుపాకీ పట్టుకుని రేంజికి, అంటే గురి సాధన చేసే చోటికి, రెండే సార్లు వెళ్లాను. రెండోసారి పన్నెండు తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయి ఇంక చాలనిపించింది. ఆ పన్నెండింటిలో చివరి ఆరు కాగితం మీద ఎటు పడితే అటు వెళ్లాయి. అలిసిపోయాను అనుకున్నాను. నిజానికి ట్రిగ్గరు నొక్కే ముందే ఒళ్లు ఉలిక్కిపడడం నేర్చుకుంది.

కొండ మీద, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో, సాయంత్రం నాలుగింటికి, రెండు వందల గజాల దూరంలో ఒక ఆడ ఎల్క్ అడ్డంగా నిలబడింది. అంతకంటే తేలికైన గురి దొరకదు. నేను ట్రిగ్గరు మెల్లగా నొక్కలేదు, ఒక్కసారిగా గుంజాను. గుండు కిందికి పోయి ముందుకాలు విరిచింది. అది మూడు కాళ్ల మీద లేచి అడవిలోకి దూరింది. మంచు మీద నెత్తురు పట్టుకుని చీకటి పడేదాకా వెళ్లాను, తర్వాత టార్చి వెలుగులో వెళ్లాను. కొన్ని చోట్ల అది పడుకుని లేచిన గుర్తులున్నాయి. మంచు కరిగి, ఎర్రగా, దాని ఒంటి ఆకారంలో. అలాంటివి అయిదు లెక్కపెట్టాను. మర్నాడు పొద్దున దొరికింది, వాగు పక్కన. నక్కల్లాంటి కొయోటీలు వెనక తొడలు తినేశాయి. ఒళ్లు ఇంకా పూర్తిగా చల్లబడలేదు. అంటే రాత్రంతా బతికే ఉందన్నమాట.

తప్పు తుపాకీది కాదు, నాది. కాని ఆ తప్పు నేర్పింది ఆ తుపాకీయే.

ఇప్పుడు అంకెలు. అదే తులం గుండుని .300 మ్యాగ్నమ్ సెకనుకి 2,960 అడుగుల వేగంతో పంపితే, థర్టీ-ఆట్-సిక్స్ 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. వేగంలో తేడా పదో వంతు కూడా లేదు. ఎనిమిది పౌన్ల తుపాకీలో థర్టీ-ఆట్-సిక్స్ భుజాన్ని తన్నే తన్ను సుమారు 20 ఫుట్-పౌన్లు (శక్తికి అక్కడి కొలత). మ్యాగ్నమ్‌ది 25 దాటుతుంది. వేగం వీసమెత్తు, తన్ను మణుగు. ఆ అదనపు వేగం ఉపయోగపడేది నాలుగైదు వందల గజాల అవతల. మనలో అంత దూరం గురి పెట్టే హక్కు సంపాదించుకున్నవాళ్లు ఎంతమంది? నేను ఇప్పటికీ మూడు వందల గజాలు దాటి కాల్చను.

మూడు వందల గజాల లోపల థర్టీ-ఆట్-సిక్స్ ఏం చేస్తుందో మన కొలతల్లోనే చెప్తాను. రెండు వందల గజాలకి గురి సరిచేసిన తుపాకీ, వంద గజాల దగ్గర గురికి రెండంగుళాలు పైన కొడుతుంది, మూడు వందల దగ్గర జానెడు కిందికి దిగుతుంది. ఎల్క్ ఊపిరితిత్తులూ గుండె ఉన్న చోటు జానెడున్నర వెడల్పు. ఇంతే గుర్తుపెట్టుకుంటే చాలు, ఏ పట్టికలూ అక్కర్లేదు. కొలరాడో చట్టం ఎల్క్‌కి 85 గ్రెయిన్ల గుండు, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌన్ల శక్తి ఉంటే చాలంటుంది. తులం గుండుతో ఈ తూటా ఆ గీతని ఎంతో ఎత్తున దాటుతుంది.

పేరులో 06 అంటే 1906. అమెరికా సైన్యం ఆ ఏడాది తీసుకున్న తూటా అది. మన పోలీసుల భుజాన చూసి పెరిగిన త్రీ నాట్ త్రీకి కాస్త బలమైన తమ్ముడనుకోండి (దాని గుండు కూడా 174 గ్రెయిన్లు, తులానికి గురివింద గింజలు మూడు నాలుగు తక్కువ). నూట పదిహేడేళ్లు పైబడి తయారవుతున్నది గనక, పెట్రోలు బంకు, కిరాణా కొట్టు ఒకే గదిలో ఉండే కొండ ఊళ్లలో కూడా దాని తూటాలు దొరుకుతాయి. ఒక ట్రిప్పులో నా మిత్రుడి తూటాల సంచీ ఇంట్లోనే ఉండిపోయింది. ఆయనది పేరు గొప్ప కొత్త క్యాలిబర్; రెండు ఊళ్లు తిరిగినా దొరకలేదు, తిరిగి డెన్వర్ వచ్చేశాం. ఇంకొక సుఖం: ఇదే తుపాకీలో జింకకి 150, ఎల్క్‌కి 180, మూస్‌కి (ఎల్క్ కంటే పెద్ద జింక జాతి) 200 గ్రెయిన్లు వేసుకోవచ్చు.

.308 కావాలంటే కొనుక్కోండి, నేను పోట్లాడను. 1952 నుంచి ఉంది, తుపాకీ కాస్త పొట్టి, తన్ను కాస్త తక్కువ. 1925 నాటి .270 కూడా అంతే. 6.5 క్రీడ్‌మూర్ మా అమ్మాయి కాలుస్తుంది, తన్ను పదమూడు దాటదు, జింకకి హాయిగా సరిపోతుంది. ఎల్క్‌కి రెండు వందల గజాల లోపల, అడ్డంగా నిలబడితేనే నేను ఒప్పుకుంటాను. ఆఫ్రికా అడవిదున్నల కోసం .375 వేరే లోకం, మన ప్రశ్నలోకి రాదు.

చిన్న గుండు మీద ఇంకా అనుమానం ఉన్నవాళ్లకి ఒక్క సంగతి. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ, అంటే జర్మన్ల 7×57 మౌజర్ తూటా. థర్టీ-ఆట్-సిక్స్ కంటే మెత్తనిది. రుద్రప్రయాగ చిరుతని 1926లో పడగొట్టింది దానితోనే.

క్యాలిబర్ గురించి మాట్లాడే ప్రతివాడూ గుండు నాణ్యం మర్చిపోతాడు. నా దృష్టిలో అసలు సంగతి అక్కడుంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన బ్రిటిష్ కొలంబియాలో పెద్ద మగ మూస్‌ని కొట్టాడు. చేతిలో ఉన్నది .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్. వేగం ఎక్కువై గుండ్లు బురద పట్టిన తోలు మీదే చిట్లిపోయాయి, లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న గుండు తయారుచేశాడు: ముందు సగం పువ్వులా విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి పోతుంది. దాన్నే పార్టిషన్ అంటారు, నా ఫొటోలో పని చేసింది అదే. ఈ మధ్య పూర్తి రాగి గుండ్లు వచ్చాయి. చచ్చిన జంతువుల పేగుల్లోని సీసం తిని కాండర్ రాబందులు చనిపోతున్నాయని కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా మాన్పించింది. మాంసం మన పిల్లలు కూడా తింటారు గనక నేను కూడా రాగికి మారుతున్నాను. రాగి తేలిక, కాబట్టి 165 గ్రెయిన్లు చాలు.

రాత్రంతా బాధపడి చచ్చిన ఆ ఎల్క్ సంగతి అరుగు మీద పెదనాన్నకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన తుపాకీ సంగతి చెప్పాడు. అరవైల్లో పంట కాపలాకి లైసెన్సున్న ఒంటిగొట్టం అది, మూతిలోంచి మందు కూరేది. మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసం గుండు జారవిడిచి, మళ్లీ పీచు పెట్టి, కమ్మీతో దట్టించి, చివర క్యాపు పెట్టాలి. ఒకసారి పేలిందంటే రెండోదానికి నిమిషం పైనే. "అందుకే ముప్పై అడుగుల్లోకి వస్తేగాని కొట్టీవోణ్ని కాదు. ఒకపాలి పంది దవడ ఎగిరిపోనాది. రెండ్రోజులు తిరిగినాను, దొరకలేదు. మూడోనాడు కాకులు సెప్పినాయి." ఆ పంది మాంసం ఊళ్లో ఎవరూ ముట్టలేదట. ఆ ఏడే తుపాకీ మా తాతకి తిరిగి అప్పజెప్పేశాడు. వేటని ఆపిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందే మా ఇంట్లో వేట ఆగిపోవడానికి కారణం అదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఊరెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కణ్నుంచి మంచి రైఫిలొకటి తెచ్చీరా, పందుల్ని పట్టలేకపోతన్నాం." ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం, కొండవార చేలల్లో పందుల బాధ నాకు తెలుసు. కాని రైఫిలు సరే, ఒక్క తూటా కూడా తేకూడదు. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే విమానానికి సర్దుకుని, జేబు మూల మిగిలిన తూటాతో విమానాశ్రయంలో పట్టుబడి ఆయుధాల చట్టం కింద కేసులో ఇరుక్కునేవాళ్లున్నారు. ప్రయాణానికి ముందు ఆ బ్యాగు తలకిందులు చేసి దులపండి, లేదా వేరే బ్యాగు కొనుక్కోండి. పంట చుట్టూ దొంగ కరెంటు తీగలు కట్టేవాళ్లకీ, నాటుబాంబులు పెట్టేవాళ్లకీ కూడా నాది ఒకటే మాట, వద్దు. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటుకి ఒకేసారి చనిపోయాయి. కరెంటు ఏది తగిలినా చంపుతుంది. దానికి మనిషీ పందీ తేడా తెలీదు.

అమెరికాకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి చట్టం సంగతి: హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోకూడదు, అది ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధానికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు మర్చిపోతే మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ చిక్కు లేదు. కొనే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. దుకాణం వాడి మాట మీద వెళ్లకండి.

మన సంఘంలో మాంసం ముట్టనివాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పత్రికలో ఇలాంటి వ్యాసం వాళ్లని నొప్పిస్తుందని తెలుసు. వాళ్ల బాధ తప్పని నేను అనను. చంపడం అనే పని చేస్తున్నప్పుడు అది ఎంత తొందరగా, ఎంత నొప్పి లేకుండా ముగుస్తుందన్నది చంపేవాడి బాధ్యత. ఎనిమిదేళ్లుగా నేను పడుతున్న తపనంతా దాని కోసమే.

ఎలా సాధన చెయ్యాలో చెప్పి ఆపుతాను. పక్కన ఒకరుండాలి. తూటాల మధ్యలో మందులేని డమ్మీలు కలిపి, మీకు కనబడకుండా తుపాకీలో పెట్టమనండి. ఏది పేలుతుందో ఏది పేలదో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు టిక్కుమని చప్పుడు మాత్రమే వస్తుంది, ఆ క్షణంలో గొట్టం మూతి కిందికి వాలిందంటే మీ ఒళ్లు తుపాకీకి భయపడుతోంది. మొదటిసారి మా అమ్మాయి నాకు అలా పెట్టినప్పుడు మూతి బెత్తెడు కిందికి పోయింది. పది డమ్మీలకి పదిసార్లూ మూతి కదలకుండా ఉండేదాకా నేను కొండెక్కలేదు. దానికి రెండు వేసవులు పట్టింది.

ఏప్రిల్ నుంచి ప్రతి రెండో శనివారం పొద్దున నేను రేంజిలోనే ఉంటాను. నా థర్టీ-ఆట్-సిక్స్, మా అమ్మాయి క్రీడ్‌మూర్, మిత్రుడి .300 మ్యాగ్నమ్, మూడూ ఉంటాయి. మూడూ కాల్చి చూసి, ఆ తర్వాత కొనుక్కోండి. చెవులకి మఫ్‌లు, కళ్లకి అద్దాలు మీవి మీరు తెచ్చుకోండి. డమ్మీలు నేను తెస్తాను.