గొంతులో 22(బి)

నాకు ప్రమోషన్ వచ్చింది. జూనియర్ అసిస్టెంటును సీనియర్ అసిస్టెంటు చేసి, నెల్లూరు నగరంలోని ఆఫీసు నుంచి ఒక మండల పరిషత్తుకు వేశారు. ఫిబ్రవరి 1న చేరాను, మార్చి 1న జీతం పడింది. ఇంతవరకు పద్ధతిగానే ఉంది. తేడా వచ్చిందల్లా ఆ మధ్యాహ్నం చేపల పులుసు దగ్గరే.

ముందు నా ఘనత చెప్పుకోవాలి. ఏడేళ్లుగా మా వాళ్లలో ఎవరికి ప్రమోషన్ వచ్చినా ఫిక్సేషన్ లెక్క, అంటే కొత్త పోస్టులో జీతం ఎంతో తేల్చే లెక్క, రాసిపెట్టేది నేనే. దానికి ఆధారమైన సర్కారు రూలు ఎఫ్‌ఆర్ 22(బి) నాకు కంఠతా వచ్చు. ఎక్కువ బాధ్యత ఉన్న పోస్టుకు వెళ్లినవాడికి పాత స్కేలులో ఒక ఇంక్రిమెంటు లెక్కకోసం కలిపి, కొత్త స్కేలులో ఆ పై మెట్టు మీద కూర్చోబెడతారు. అది ప్రమోషన్ తేదీ నుంచా, తర్వాతి ఇంక్రిమెంటు తేదీ నుంచా అన్నది మనం నెలలోపు ఆప్షన్ రాసివ్వాలి. జనం బోర్లా పడేది అక్కడే. నా ఇంక్రిమెంటు ఏప్రిల్‌లో కాబట్టి ఆ తేదీకే రాసిచ్చాను. 37,640 బేసిక్ మీద ఉన్నవాణ్ణి, రెండు నెలలు 38,720తో సర్దుకుంటే ఏప్రిల్ 1న ఏకంగా 40,970. తొందరపడి ఉంటే 39,800 దగ్గర ఏడాది చతికిలబడేవాణ్ణి. ఈ లెక్క నేను చెప్పని మనిషి లేడు. మా ఆవిడకైతే బోర్డు మీద చెప్పినట్టు చెప్పాను.

పాత ఆఫీసు సూపరింటెండెంటు గారు "పార్టీ లేని ప్రమోషన్ రివర్షన్‌తో సమానం నాయనా" అన్నారు. రివర్షనంటే మళ్లీ కింది పోస్టుకు దించడం. పదకొండు మందిమి హోటల్లో కూర్చున్నాం. మామిడికాయ ముక్కలేసిన పులుసు వచ్చింది. తలకాయ ముక్క సూపరింటెండెంటు గారి కంచంలోకి దానంతట అదే వెళ్లింది.

అప్పుడు నా ఫోను టింగుమంది.

ఇక్కడ నేను చేసిన పని ఏ శత్రువూ నాకు చేయలేదు. నోట్లో ముక్క పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోను తీసి, చూడకుండానే పక్కాయనకు ఇచ్చి "చదవండి, ఫిక్సేషన్ అంటే ఏందో అందరూ వినాల" అన్నాను. బ్యాంకు వాళ్ల మెసేజీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా. పోయిన నెల జీతం పైన, ఈ నెల జీతం కింద, పక్కపక్కన నిలబెట్టిన అన్నదమ్ముల్లా. ఆయన పైది చదివాడు. కిందది చదివాడు. మళ్లీ పైది చదివాడు. "ఏంది అబ్బయ్యా, ఎనిమిది వందల చిల్లర తగ్గింది?"

సరిగ్గా ఆ క్షణాన ముల్లు గొంతులో అడ్డం పడింది.

మింగలేను, కక్కలేను, వాదించలేను. పదిమందీ రెండు జట్లయ్యారు. ఒక జట్టు ముల్లు సంగతి చూసింది: వట్టి అన్నం ముద్ద మింగమని ఒకరు, అరటిపండు నమలకుండా మింగమని ఒకరు, చేతులు పైకెత్తమని ఇంకొకరు. రెండో జట్టు జీతం సంగతి చూసింది: రికవరీ ఏమన్నా పెట్టారా, జీతం లేని సెలవు పెట్టావా, కొంపదీసి సస్పెన్షనా? నేను చేతులు పైకెత్తి, కళ్లనీళ్లు కారుతూ, తల అడ్డంగా ఊపుతున్నాను. పక్క టేబుల్ ఆడమనిషి "పాపం, ఎవరన్నా పోయారేమో" అంది. సర్వర్ కుర్రాడు తెచ్చిన అరటిపండు బిల్లులో వేశాడు, అది తర్వాత తెలిసింది.

ఈ రభస అంతా జరుగుతుంటే సూపరింటెండెంటు గారు తలకాయను పద్ధతిగా ముగించి, వేళ్లు నాకి, అప్పుడన్నారు: "హెచ్ఆర్ఏ చూసుకోలేదా నాయనా? ఇక్కడ పదహారు శాతం. నువ్వు పోయిన కాడ పది."

నిజమే. హెచ్ఆర్ఏ అంటే ఇంటి అద్దె భత్యం. 37,640 మీద పదహారు శాతమంటే ఆరు వేల పైన. 38,720 మీద పది శాతమంటే నాలుగు వేల లోపు. పెరిగింది 1,080, పోయింది 2,150. డీఏ కొంత కలిసిందా, పింఛను కోసం కోసే సీపీఎస్ అందులోనూ చెయ్యి పెట్టింది. ఫిక్సేషన్ కాగితంలో హెచ్ఆర్ఏ గడి ఉండదు. లేని గడిని ఏడేళ్లలో ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

"మీకు ముందే తెలుసా సార్?" గొంతు పెగల్చుకుని అడిగాను.

"నిన్ను రిలీవ్ చేసేటప్పుడే అనుకున్నా."

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడగలా."

ఎట్టా అడుగుతాం? కాపురం నెల్లూరులోనే ఉంది, పిల్లల బడి ఇక్కడే. నేను పది శాతానికి దిగినట్టు ఇంటి ఓనరుకు జీవో కాపీ ఏదీ వెళ్లలేదు, అద్దె అంతే. రోజూ బస్సు ఛార్జీ అదనం. ఎక్కువ బాధ్యత అన్నారు కదా 22(బి)లో, అది ఇదే కాబోలు. మా ఆవిడ ఆ రాత్రి నాలుగు వేళ్లు చూపించి "ఏప్రిల్ అన్నావు కదా, ఏ ఏప్రిల్?" అంది.

ముల్లు సాయంత్రానికి జారింది.

ఇప్పుడే ఫోనొచ్చింది. తెలిసినాయనకు ప్రమోషనట, ఫిక్సేషన్ రాసిపెట్టమంటున్నాడు. ఆయనా నగరం నుంచి మండలానికే పోతున్నాడు. హెచ్ఆర్ఏ సంగతి చెబుదామనే నోరు తెరిచాను.

"పార్టీ ఎప్పుడు?" అన్నాను.